వీధిలోంచి కనిపించినంత మేరకే

మా ఇంటి ముందు అయిదు మెట్లున్నాయి. ఇటుక మెట్లు. వందేళ్ళ పైగా ఎక్కీ దిగీ నడిమధ్య అరిగిపోయి, వానొస్తే నీళ్ళు నిలిచే మెట్లు. పట్టుకోవడానికి పక్కన కమ్మీ లేదు. ఇల్లు కొన్నప్పుడు ఆ మెట్లు చూసే ముచ్చటపడ్డాను. మూడేళ్ళ తర్వాత ఒక మార్చి ఉదయం మా అమ్మ రెండో మెట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక గానీ కమ్మీ లేదన్న సంగతి నా బుర్రకెక్కలేదు.

అమ్మకి డెబ్భై తొమ్మిదేళ్ళు. నాన్న పోయాక నా దగ్గరికి వచ్చి ఉంటోంది. ఆపరేషనయ్యాక వాకర్‌తో ఇంటికొచ్చింది. వాకర్ మెట్లెక్కదు కదా. వడ్రంగిని పిలిచి, వాకిట్లోంచి వరండా మీదకి ఏటవాలుగా ఒక చెక్క ర్యాంప్ వేసి, మెట్లకి రెండు వైపులా కమ్మీలు పెట్టమన్నాను. ఆయన ఇంటి ముందు నిలబడి అటూ ఇటూ చూసి, "పర్మిషన్ తెచ్చుకున్నారా?" అన్నాడు. నా ఇంటికి, నా డబ్బుతో, మా అమ్మ కోసం వేసుకునే చెక్కలకి ఎవరి పర్మిషన్ అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నేనుండేది అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊళ్ళో. కాలేజీలో చరిత్ర చెప్తాను. ఊరి పేరు ఇక్కడ అనవసరం. మా వీధీ, చుట్టుపక్కల ఇంకో పది పన్నెండు వీధులూ కలిపి 'హిస్టారిక్ డిస్ట్రిక్ట్', అంటే చారిత్రక ప్రాంతం. ఇల్లు కొన్నప్పుడు సంతకాలు పెట్టిన కాగితాల దొంతరలో ఆ ముక్క ఎక్కడో ఉండే ఉంటుంది. ఊరందరి పాత కాగితాలూ తిరగేసే మనిషిని, నా ఇంటి కాగితాలు చదువుకోలేదు.

ఈ వ్యవహారంలో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 1966లో వచ్చిన జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఒక రిజిస్టరు నిర్వహిస్తుంది. ఒక ఇల్లు ఆ రిజిస్టరుకి ఎక్కినంత మాత్రాన, సొంతదారు తన డబ్బుతో చేసుకునే మార్పులకి అడ్డేమీ ఉండదు. అడ్డు వచ్చేది ఊరి పాలకమండలి విడిగా చేసుకున్న స్థానిక శాసనంతో. ఆ శాసనం ఒక కమిటీని వేస్తుంది. కిటికీ చట్రం మార్చాలన్నా, పైకప్పు మార్చాలన్నా, కంచె వేయాలన్నా, కొన్ని ఊళ్ళలో తలుపు రంగు మార్చాలన్నా ఆ కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. ఫొటోలు, కొలతలతో గీసిన బొమ్మలు, వాడబోయే చెక్క ఏదో, రంగు ఏదో అన్నీ జతచెయ్యాలి. చిన్న పనయితే ఆఫీసులో ఉద్యోగి చూసి సంతకం పెడతారు. పెద్దదయితే బహిరంగ విచారణ ఉంటుంది, ఇరుగుపొరుగు వచ్చి మాట్లాడొచ్చు. విరిగిందాన్ని అచ్చం మునుపటిలాగే బాగుచేసుకుంటే మామూలుగా ఎవరూ అడగరు. చాలా ఊళ్ళలో కమిటీ అధికారం వీధిలోంచి కనిపించినంత మేరకే. ఇంటి లోపల గోడలు పడగొట్టుకున్నా, వంటిల్లు పీకి పారేసినా వాళ్ళకి పట్టదు.

అన్నీ సవ్యంగా ఉంటే ఇచ్చే కాగితం పేరు 'సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్'. తెలుగులో ఏమనాలా అని చాలాసేపు ఆలోచించాను. యోగ్యతా పత్రం? ఔచిత్య పత్రం? ఉన్నమాట చెప్పాలంటే 'తగును' అని రాసిచ్చే కాగితం. ఈ పని ఈ ఇంటికి తగును అని నలుగురూ కూర్చుని తేల్చాలి. తగునా, తగదా అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరుంది? పైట ఎలా వేసుకోవాలి, ఎంత గట్టిగా నవ్వాలి, వీధి గుమ్మంలో ఎంతసేపు నిలబడాలి, ఇవన్నీ కూడా వీధిలోంచి కనిపించేవాటి గురించిన నిబంధనలే కదా. ఆ కాగితం పేరు చదవగానే నాకు అర్జీదారు ఇల్లు కాదేమో, నేనేమో అనిపించింది.

మొదటి విచారణ మే నెలలో జరిగింది. కమిటీలో ఏడుగురు, వాళ్ళలో ముగ్గురు స్త్రీలు. చాలా మర్యాదగా మాట్లాడారు. ర్యాంప్ ఇంటి ముఖాన్ని కప్పేస్తుందన్నారు. వరండా స్తంభాల వరస తెగిపోతుందన్నారు. నేను బొమ్మలో చూపించిన అల్యూమినియం కమ్మీలు ఈ కాలపు ఇంటికి తగవన్నారు. చివర్లో నా ఈడు సభ్యురాలు ఒకామె, "మీ ఇంటి వెనక సందువైపు ఇంకో తలుపుంది కదా. అటు వేసుకుంటే మా అనుమతే అక్కర్లేదు" అంది. సాయం చేస్తున్నాననే ఆమె అనుకుంది. నాకూ ఆ క్షణాన అలాగే తోచింది. పని తేలిగ్గా అయిపోతుంది కదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ విని, "పెరటిదారా?" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ మేనత్త గురించి చెప్పింది. ఆ మేనత్త సంగతి ముక్కలు ముక్కలుగా చిన్నప్పటి నించీ విన్నదే. తొమ్మిదో ఏట మొగుడు పోయాడు. డెబ్భై ఏళ్ళు దాటి బతికింది. "ఆవిడ వీధి గుమ్మంలోంచి బయటికెళ్ళడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదే. ఎవరైనా మంచి పని మీద బయల్దేరుతుంటే ఎదురు రాకూడదని పెరటిదారినే వెళ్ళేది, పెరటిదారినే వచ్చేది. ఆవిడ శవం ఒక్కటే వీధి గుమ్మంలోంచి వెళ్ళింది" అంది. ఇది మాత్రం నాకు కొత్త. "మీ నాన్న పోయిన ఏడాది పెళ్ళికి బయల్దేరుతుంటే మీ చిన్నత్త, వదినా, నువ్వు కాస్త ఆగి పెరటివేపు నించి రా, అంది. విన్నానా? వీధి తలుపు బార్లా తీసుకుని ముందు నేనే బయల్దేరాను. ఇంత దూరం వచ్చి ఇప్పుడు పెరటిదారి పడతానా?"

వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఈ నిబంధనలు పెట్టిందెవరో చూద్దామని మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. మీసాల వకీళ్ళూ, ఆర్కిటెక్టులూ దొరుకుతారనుకున్నాను. దొరికింది ఎక్కువగా ఆడవాళ్ళు.

పాత ఇళ్ళని కాపాడాలన్న ఉద్యమం ఈ దేశంలో మొదలయిందే ఆడవాళ్ళ చేతుల్లో. 1853లో దక్షిణ కరొలైనా రాష్ట్రానికి చెందిన ఒక స్త్రీ, పొటోమాక్ నదిలో పడవ మీద వెళ్తూ జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ శిథిలమై ఉండడం చూసి కూతురికి ఉత్తరం రాసింది. ఆ కూతురు ఆన్ పమేలా కన్నింగ్‌హామ్. చిన్న వయసులో గుర్రం మీద నించి పడి జీవితాంతం నొప్పులతో ఉన్న మనిషి. దక్షిణాది స్త్రీలందరినీ చందాలు వేయమంటూ పత్రికలో విజ్ఞప్తి రాసింది, కానీ కింద తన పేరు పెట్టలేదు. 'ఒక దక్షిణాది గృహిణి' అని మాత్రం పెట్టింది. గౌరవమైన ఇంటి ఆడదాని పేరు పత్రికలో కనిపించడం తగదు మరి. ఇల్లు అమ్మడానికి మొదట సుముఖంగా లేని సొంతదారు 1858లో రెండు లక్షల డాలర్లకి స్త్రీల సంఘంతో ఒప్పందం చేసుకున్నాడు. ఓటు హక్కు లేని వాళ్ళు, పెళ్ళయితే తమ ఆస్తి మీదే సరైన హక్కు లేని వాళ్ళు దేశపిత ఇంటికి యజమానులయ్యారు. ఈ రోజుకీ ఆ ఇల్లు ఆ సంఘానిదే.

అయితే ఒక ఇంటిని కొని కాపాడడం వేరు, ఒక వీధి మొత్తం ఎలా కనిపించాలో శాసించడం వేరు. ఆ రెండోది చార్లెస్టన్‌లో పుట్టింది. దక్షిణ కరొలైనాలో సముద్రం ఒడ్డున ఉన్న నగరం అది. ఇంటి బయట మార్పులకి అనుమతి తీసుకోవాలన్న నిబంధనతో ఒక చారిత్రక ప్రాంతాన్ని అమెరికాలో మొట్టమొదట ఏర్పరచింది అక్కడే, 1931 అక్టోబరులో. ఆ చట్టం దాకా దారి వేసిన మనిషి సుసాన్ ప్రింగిల్ ఫ్రాస్ట్.

ఈమె గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1873లో పుట్టింది. పూర్వం తోటలూ బానిసలూ ఉండి, అంతర్యుద్ధం తర్వాత చితికిపోయిన పెద్ద కుటుంబం. తండ్రి వ్యాపారం దెబ్బతింటే స్టెనోగ్రఫీ నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. ఫెడరల్ కోర్టులో ఏళ్ళ తరబడి స్టెనోగ్రాఫర్‌గా పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. చార్లెస్టన్‌లో స్త్రీల ఓటు హక్కు సంఘానికి అధ్యక్షురాలయింది, ఆ తర్వాత ఆలిస్ పాల్ నడిపిన నేషనల్ విమెన్స్ పార్టీలో చేరింది. ఇళ్ళు కొని అమ్మే వ్యాపారంలోకి ఆ ఊళ్ళో మొదట దిగిన స్త్రీలలో ఆమె ఒకతి. 1909 నించి ట్రాడ్ స్ట్రీట్‌లో, సెయింట్ మైకేల్స్ సందులో పాడుబడిన ఇళ్ళని ఒక్కొక్కటే కొనడం, బాగుచేయడం, అమ్మడం. లాభం కంటే అప్పులే ఎక్కువ. కూలగొట్టిన ఇళ్ళ నించి తలుపులూ, చెక్కపనీ, ఇనుప బాల్కనీలూ కొని దాచేది. వాటిని ఇంకో ఇంటికి తగిలించేది. అంటే ఈ రోజు మా కమిటీ ముందుకి వస్తే ఆమె అర్జీ కూడా తిరగ్గొట్టేవాళ్ళేమో.

1920 ఏప్రిల్‌లో, 1803 నాటి జోసెఫ్ మానిగాల్ట్ ఇంటిని పడగొడతారని తెలిసి ఫ్రాస్ట్ పిలిస్తే ముప్ఫై రెండు మంది వచ్చారు. పాత ఇళ్ళ పరిరక్షణ సంఘం ఆ రోజు పుట్టింది. ఆమె బంధువు నెల్ ప్రింగిల్, ఆరుగురు పిల్లల తల్లి, భర్తతో కలిసి ఆ ఇంటి మీది అప్పు భుజాన వేసుకుంది. ఆ బరువు వాళ్ళ కుటుంబాన్ని ఏళ్ళ తరబడి నలిపింది. చివరికి ఇంటి తోట ఒక పెట్రోలు కంపెనీకి అమ్మాల్సివచ్చింది, 1933లో ఇల్లు చార్లెస్టన్ మ్యూజియం చేతికి వెళ్ళింది. సంఘం పుట్టిన నాలుగు నెలలకి, ఆగస్టులో, స్త్రీలకి ఓటు హక్కునిచ్చే 19వ సవరణ ఖరారయింది. దక్షిణ కరొలైనా శాసనసభ మాత్రం దాన్ని ఆమోదించడానికి 1969 దాకా ఆగింది. పాత వాటిని పట్టుకుని వదలకపోవడంలో ఆ రాష్ట్రానికి మంచి అనుభవం ఉంది.

ఇరవైల్లో కార్లొచ్చాయి. పాత ఇళ్ళ చోట పెట్రోలు బంకులొచ్చాయి. దూరపు నగరాల మ్యూజియంల వాళ్ళు వచ్చి గదుల చెక్కపనిని ఊడబెరికి కొనుక్కుపోయారు. ఈ గొడవల మధ్య 1931 శాసనం వచ్చింది. అప్పటికి సంఘం అధ్యక్షస్థానంలో ఫ్రాస్ట్ లేదు, ఒక పురుషుడున్నాడు. అనుమతులిచ్చే బోర్డులో స్థానాలు ఆర్కిటెక్టులూ, ఇంజనీర్లూ, రియల్ ఎస్టేట్ వాళ్ళ సంఘాలకి కేటాయించారు. ఇళ్ళ కోసం అప్పులపాలయిన ఆడవాళ్ళకి ఆడవాళ్ళుగా చోటేమీ లేదు. ఇది మనకి కొత్త కథ కాదు.

ఇంకో తమాషా కూడా చెప్పాలి. చార్లెస్టన్ అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ 'రెయిన్‌బో రో'. ఈస్ట్ బే స్ట్రీట్‌లో గులాబీ, నీలం, పసుపు, లేతాకుపచ్చ రంగుల ఇళ్ళ వరస. ఆ రంగులు పద్దెనిమిదో శతాబ్దం నించి అలాగే ఉన్నవి కావు. 1931లో డొరొతీ లెగ్ అనే ఆమె అక్కడి ఇంటిని కొని, బాగుచేసి, గులాబీ రంగు వేయించింది. పక్కవాళ్ళు ఆమెని చూసి తలో రంగూ వేశారు. ఒక స్త్రీ ముచ్చటపడి వేయించిన రంగు తొంభై ఏళ్ళకి చరిత్రయి కూర్చుంది. ఇప్పుడు ఆ ఇంటి రంగు మార్చాలంటే బోర్డు అనుమతి కావాలి.

ఇంతవరకూ చదివి గర్వంగానే ఉంది నాకు. మన వాళ్ళే కదా ఇదంతా చేసింది అని. ఆ 'మన' అన్న మాట ఎంతోసేపు నిలవలేదు.

ఫ్రాస్ట్ కొన్న ఇళ్ళు ఖాళీగా లేవు. ట్రాడ్ స్ట్రీట్‌లో ఆ ఇళ్ళలో గదికో కుటుంబం చొప్పున నల్లవాళ్ళు అద్దెకుండేవాళ్ళు. ఇల్లు బాగుచేయడమంటే ముందు వాళ్ళని ఖాళీ చేయించడమే. ఛర్చి స్ట్రీట్‌లో 'కాబేజ్ రో' అని ఉంది. అక్కడ అద్దెకున్న నల్లజాతి కుటుంబాలు కిటికీల్లో క్యాబేజీలూ కూరలూ పెట్టి అమ్ముకోవడం వల్ల ఆ పేరొచ్చింది. డుబోస్ హేవర్డ్ 1925లో రాసిన 'పోర్గీ' నవలకి ఆ పెరడే రంగస్థలం. నవల పేరుపొందింది, తర్వాత ఆ కట్టడాన్ని చక్కగా బాగుచేశారు, కూరలమ్మిన వాళ్ళు వెళ్ళిపోయారు. పేరు మాత్రం ఉంచారు.

ఫ్రాస్ట్ స్వయంగా బతికిన వంశపారంపర్య ఇల్లు కింగ్ స్ట్రీట్‌లోని మైల్స్ బ్రూటన్ ఇల్లు. 1760ల్లో కట్టించిన ఆ బ్రూటన్ బానిసల వ్యాపారి. ఇంటి ముందు కంచె మీద పొడుగాటి ఇనుప ముళ్ళున్నాయి. 1822లో డెన్మార్క్ వెసీ నాయకత్వంలో బానిసలు తిరుగుబాటుకి సిద్ధమయ్యారని బయటపడ్డాక భయంతో పెట్టించుకున్నవని చెప్తారు. అవి వీధిలోంచి బాగా కనిపిస్తాయి కాబట్టి భద్రంగా ఉన్నాయి. వీధిలోంచి కనిపించనిది పెరట్లో ఉంటుంది. చార్లెస్టన్ పెద్దిళ్ళకి వెనకాల విడిగా వంటింటి కట్టడం ఉండేది. కింద పొయ్యిలూ, చాకిరేవూ. పైన ఇరుకు గదుల్లో బానిసలు. చట్టం చూపు వీధి వైపే ఉంది కాబట్టి ఆ వంటిళ్ళు చాలా ఏళ్ళు ఎవరికీ చరిత్ర కాలేదు. అద్దె గదులయ్యాయి, కార్ల షెడ్లయ్యాయి. 2010 నించి జోసెఫ్ మెక్‌గిల్ అనే ఆయన అలాంటి బానిసల గుడిసెల్లో, గదుల్లో రాత్రిళ్ళు పడుకుని జనాన్ని అటు చూడమంటున్నాడు.

సెప్టిమా క్లార్క్ పేరు ఈ పుస్తకాల సూచికల్లో వెతికితే నాకు దొరకలేదు. చార్లెస్టన్‌లోనే 1898లో పుట్టింది. తండ్రి బానిసగా పుట్టినవాడు, తల్లి బట్టలుతికి ఇల్లు నడిపింది. ఆ ఊరి ప్రభుత్వ బడుల్లో నల్ల పిల్లలకి కూడా తెల్ల టీచర్లే చదువు చెప్పేవాళ్ళు, నల్ల టీచర్లని తీసుకునేవాళ్ళు కాదు. దాని మీద సంతకాలు సేకరిస్తూ గడపగడపకీ తిరిగిన వాళ్ళలో క్లార్క్ ఉంది. 1920లో ఆ నిబంధన మారింది. అదే 1920. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో ఇద్దరు పనిచేసుకునే స్త్రీలు వీధులు తిరుగుతున్నారు. ఒకామె ఇళ్ళ బయటి వైపు చూస్తోంది. ఇంకొకామె తలుపు తట్టి లోపలున్న వాళ్ళ పేర్లు రాయించుకుంటోంది. ఇద్దరూ ఎప్పుడైనా ఎదురుపడ్డారా? పడితే, ఎవరు ఏ దారిన పక్కకి తప్పుకుని ఉంటారో ఆ రోజుల దక్షిణాది తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్రాస్ట్ పోరాడి తెచ్చుకున్న ఓటు క్లార్క్ లాంటి వాళ్ళకి ఆ రాష్ట్రంలో కాగితం మీదే ఉండిపోయింది.

మిగతా చోట్ల కథా ఇదే. న్యూ ఆర్లీన్స్‌లో ఓటు హక్కు కోసం పనిచేసిన ఎలిజబెత్ వెర్లైన్ ఫ్రెంచ్ క్వార్టర్ కోసం పోరాడింది. అక్కడ 1936లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, మర్నాటి ఏడు కమిషన్ వేశారు. సవానాలో 1955లో ఏడుగురు స్త్రీలు కలిసి 22,500 డాలర్లు పోగుచేసి, కార్ల పార్కింగ్ కోసం పడగొట్టబోయిన డావెన్‌పోర్ట్ ఇంటిని కొన్నారు. అదీ అప్పటికి పేదలు అద్దెకున్న ఇల్లే. ఇక కోర్టుల సంగతి. నగరం ఆరోగ్యంగానే కాదు, అందంగానూ ఉండాలని ప్రభుత్వం అనుకోవచ్చని 1954లో బెర్మన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. పాత ఇళ్ళని కాపాడే వాళ్ళు ఆ మాటని దశాబ్దాలపాటు ఆసరాగా తెచ్చుకున్నారు. కానీ ఆ కేసు ఇళ్ళని కాపాడింది కాదు. వాషింగ్టన్‌లో ఒక పేటని కూల్చడానికి అనుమతించింది. ఆ పేటలో ఉన్నది 5,012 మంది, వాళ్ళలో నూటికి 97.5 మంది నల్లవాళ్ళని తీర్పులోనే ఉంది.

ఇది చదువుతున్నంతసేపూ అమ్మమ్మగారి మండువా ఇల్లు కళ్ళలో మెదిలింది. ఆ ఇంట్లో వీధిలోంచి కనిపించేవి అరుగులూ, చెక్కిన స్తంభాలూ, ఇత్తడి బొడిపెల తలుపూ. అరుగుల మీద కూర్చునేది మగవాళ్ళు. ఆడవాళ్ళ లోకం వంటిల్లూ, నుయ్యీ, పెరడూ. మా కమిటీ లాంటిది అక్కడా ఉంటే అరుగులు నిలిచేవి. అమ్మ మేనత్త డెబ్భై ఏళ్ళు నడిచిన పెరటిదారి ఏ చట్టానికీ కనిపించేది కాదు.

అలాగని చట్టమే వద్దని నేను అనలేను. నా అర్జీ నలుగుతున్న ఆ వేసవిలోనే మా వీధి చివరి మూడు చిన్న ఇళ్ళు కూల్చి అపార్ట్‌మెంట్లు కడతానని ఒక బిల్డరు వచ్చాడు. నన్ను వెనకదారిన పొమ్మన్న కమిటీయే వాణ్ణి వచ్చిన దారిన పంపింది. ఈ గొడవంతా ఫోన్‌లో చెప్తే హైదరాబాదులో ఉన్న నా స్నేహితురాలు, "అర్జీ పెట్టుకోవడానికి ఒక కమిటీ ఉందిగా మీకు" అంది. పాత కట్టడాల కోసం 1981లోనే అక్కడ చేసుకున్న నిబంధన 13ని తెలంగాణ ప్రభుత్వం 2015 డిసెంబరులో తీసేసింది. 2017లో వేరే చట్టం వచ్చింది. ఏ కమిటీ ముందుకీ రాకుండానే ఎన్ని దేవిడీలు నేలమట్టమయ్యాయో ఆమె కళ్ళారా చూసింది. నేను ఎదురు చెప్పలేదు.

రెండో విచారణ ఆగస్టులో. ఈసారి ర్యాంప్‌ని వరండా పక్కవైపుకి జరిపాం, కానీ ముందు వాకిట్లోంచే. ఇటుకకి ఒక్క మేకు కూడా తగలకుండా, రేపు తీసేస్తే ఆనవాలు మిగలకుండా. కమ్మీలు సన్నటి ఇనుపవి. 1988లో సవరించిన గృహవసతి హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఊరి నిబంధనలని సహేతుకంగా సడలించాలన్న వాక్యం కూడా అర్జీకి జతచేశాను. మొదటిసారి ఆ చట్టం ఉందనే నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు కూడా.

జనం మాట్లాడే సమయంలో మా పక్కవీధి ముసలావిడ లేచింది. నల్లావిడ, ఎనభై దాటాయి. నేను రమ్మనలేదు. అర్జీ సంగతి తెలిసి తనే వచ్చింది. "మా అమ్మ ఈ వీధిలో నాలుగిళ్ళకి ముప్ఫై ఏళ్ళు బట్టలుతికింది. అందులో ఈ ఇల్లొకటి. ముందు మెట్లు ఎన్నడూ ఎక్కలేదు. నేను మొదటిసారి ఎక్కింది ఈవిడ ఇల్లు కొని నన్ను కాఫీకి పిలిచాక. ఆ మెట్లు అరిగాయి, అది చరిత్ర అంటున్నారు మీరు. ఎవరి కాళ్ళకి అరిగాయో ఆలోచించండి. మా అమ్మ కాళ్ళకి కాదు" అంది. కాసేపాగి, "ఇంకో ముసలిదాన్ని వెనక నించి పొమ్మనకండి" అని కూర్చుంది. మూడు నిమిషాలు ఇస్తారు ఒక్కొక్కళ్ళకీ. ఆవిడకి ఒక నిమిషం కూడా పట్టలేదు.

అయిదు ఓట్లు అవును, రెండు కాదు. మే నెలలో వెనకదారి చూపించినావిడ అవునంది. కమ్మీలకి చార్లెస్టన్ గ్రీన్ వెయ్యాలని షరతు. నలుపని చూస్తే ఆకుపచ్చ, ఆకుపచ్చని చూస్తే నలుపు, అలాంటి రంగు.

వారం తర్వాత కాగితం వచ్చింది. వీధిలోంచి కనిపించేలా కిటికీకి అంటించాలి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, "ఏం రాశారో మొత్తం చదువు" అంది. చదువుతూ చివరి షరతు దగ్గర ఆగాను. దాటేద్దామనుకున్నాను గానీ నా మొహం చూసి పట్టేసింది. అవసరం తీరిన తొంభై రోజుల్లోగా ర్యాంప్ తొలగించవలెను.

"అవసరం తీరడమంటే నేను పోవడమేగా?" అంది. "తొంభై రోజులా! మనవాళ్ళు పన్నెండు రోజులకే అన్నీ కానిచ్చేస్తారు. ఫరవాలేదు, మంచివాళ్ళే."

సాయంత్రం వడ్రంగి వచ్చి కొలతలు తీసుకున్నాడు. అమ్మ వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని, ఏటవాలు ఎక్కువయిందని, ఇంకో రెండడుగులు పొడుగు పెంచమని ఆయనతో తెలుగులోనే వాదించింది. పెంచాలంటే మళ్ళీ అర్జీ పెట్టుకోవాలని నేను చెప్పాను.

"పెట్టు" అంది.